క్లోమగ్రంథి: పెద్దకోత, చిన్నకన్నము

మన భాషలో గుండెకును, కడుపునకును, ప్రేగులకును గల గౌరవము క్లోమగ్రంథికి లేదు. దుఃఖము కలిగినపుడు గుండె చెఱువగును, కడుపు తఱుగుకొనిపోవును, తల్లిబిడ్డల మమకారమును ప్రేగుబంధమనియే చెప్పుకొందుము. క్లోమమును గూర్చి సామెత గాని, తిట్టు గాని, దీవెన గాని నేను వినియుండలేదు. కారణము స్పష్టమే. అది కంటికి కనబడునది కాదు, చేతికి తగులునది కాదు. జీర్ణాశయము వెనుకను, వెన్నెముకకు ముందును, జానెడుకంటె తక్కువ పొడవుతో అడ్డముగా పరుండియుండును. దాని తల చిన్నప్రేగు మొదటి వంపులో ఇమిడియుండును. తోక యెడమప్రక్కను ప్లీహము దాక సాగియుండును. మన ఆయుర్వేద గ్రంథములలో 'క్లోమ' శబ్దము కలదు గాని, అది యీ యవయవమునకే చెల్లునా, వేఱొకదానికి చెల్లునా యను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. పాఠ్యపుస్తకములవారు ఆ పేరును దీనికి స్థిరపఱచిరి. నేనును దానినే వాడెదను.

ఈ గ్రంథిలో పుట్టిన కణితిని తీసివేయుటకు నేడు రెండు మార్గములు కలవు. మొదటిది కడుపును నిలువుగనో అడ్డముగనో జానెడు కోసి, తెఱచి, చేతులు లోనికి పెట్టి చేయునది. రెండవది నాలుగైదు చిన్నరంధ్రములు చేసి, ఒకదానిగుండ దీపమును కెమెరాను పంపి, తక్కినవానిగుండ పొడుగుపాటి పనిముట్లను పంపి, తెరమీద బొమ్మను చూచుచు చేయునది. ఇంగ్లీషువారు ఈ రెండవదానికి తాళపుచెవి దూరు సందును బట్టి కీహోల్ అని పేరు పెట్టిరి. తెలుగులో కన్నము అనవచ్చును గాని, కన్నము వేయు విద్య మన దేశమున మఱియొక వృత్తివారి సొత్తుగా పేరుపడినది! అయినను మాట పొట్టిది, భావము సరియైనది, కావున విడువను.

నేను వైద్యుడను గాను. వైద్యచరిత్రమును ఇష్టముగా చదువుకొనువాడను. ఈ వ్యాధి వచ్చిన యింటివారు మొట్టమొదట నడుగు ప్రశ్న "పెద్దకోతయా, చిన్నకోతయా?" యనునది. చిన్నకోత యనగనే వారి ముఖమున కొంత వెలుగు వచ్చును. ఆ వెలుగునకు ఎంతవఱకు ఆధారము కలదో చెప్పవలెనన్న, నూటనలువది సంవత్సరముల కథ చెప్పవలసియున్నది.

అంతకు పూర్వపు కథ యొక్కటి మాత్రము విడువరానిది. 1642 లో ఇటలీదేశమందలి పాడువా నగరమున విర్సుంగ్ అను జర్మను శరీరశాస్త్రజ్ఞుడు, మరణశిక్ష పొందిన యొక నేరస్థుని శవమును కోయుచు, క్లోమము పొడవునను సాగిన యొక సన్నని నాళమును చూచెను. అది యేమియో ఆయనకు తెలియలేదు. దానిని రాగిరేకుపై చెక్కించి, అచ్చువేసి, ఐరోపాలోని పండితులకు పంపి, ఇది యేమి నాళమని యడిగెను. సరియైన బదులు రాకమునుపే, మఱుసటియేట, తన యింటివాకిటనే హత్యచేయబడెను. ఆ నాళము జీర్ణరసమును ప్రేగులోనికి కొనిపోవు కాలువ యని లోకము నెమ్మదిగా గ్రహించినది. క్లోమమునకు సంబంధించిన చరిత్ర యంతయు ఆ కాలువచుట్టును తిరుగుచున్నదని చెప్పినను తప్పుకాదు.

ఏలయన, ఈ గ్రంథి పుట్టించు రసము మాంసమును, క్రొవ్వును, పిండిపదార్థమును అరగించునది. ప్రేగులో నున్నంతవఱకు అది మనకు అన్నదాత. కోసిన గ్రంథినుండి గాని, కుట్టు విడిన చోటినుండి గాని కడుపులోనికి చిందినచో, అదే రసము మన మాంసమునే భోజనము చేయ మొదలిడును. ప్రక్కనున్న రక్తనాళములను తినివేయును. మఱియొక చిక్కు: క్లోమము తలకు ఆనుకొని, కాలేయమునకు రక్తము కొనిపోవు పెద్దసిరయు, ప్రేగులకు రక్తమిచ్చు నాళములును పోవుచుండును. పిత్తరసపు నాళము దాని తలలోనుండియే ప్రేగును చేరును. కావుననే తలలో కణితి పెరిగినపుడు పిత్తము పోవు దారి మూసికొని పచ్చకామెర్లు తోచును. నాళములను ముట్టకుండ, రసమును చిందకుండ ఈ గ్రంథిని కోయుట యెట్లు?

1882 లో ట్రెండెలెన్‌బుర్గ్ అను జర్మను శస్త్రవైద్యుడు క్లోమపు తోకనుండి యొక పెద్ద కణితిని తీసెను. రోగి శస్త్రచికిత్సనుండి లేచెను గాని చిరకాలము బ్రదుకలేదు. 1898 లో ఇటలీలో కోడివిల్లా అను వైద్యుడు ఇంకను సాహసించి, క్లోమపు తలను చిన్నప్రేగు మొదటిభాగముతో కూడ తీసివేసెను. ఆ రోగియు కొన్ని వారములలో మరణించెను. బెర్లినులో కౌష్ అను వైద్యుడు మాత్రము రోగి రక్తము గడ్డకట్టుటలేదని గమనించి, పనిని రెండుగా విభజించెను. 1909 లో మొదట పిత్తరసమునకు వేఱుదారి కల్పించి, కామెర్లు తగ్గువఱకు వేచియుండి, కొన్ని వారముల తరువాత కణితిని తీసెను. ఆ రోగి తొమ్మిదినెలలు జీవించెను. నేటి లెక్కకు ఇది స్వల్పము. నాటికి అది గొప్పగెలుపు.

ఈ రెండు విడతల పద్ధతికి పేరు తెచ్చినవాడు అమెరికావాడైన అలెన్ విప్పుల్. ఈయన 1881 లో పారశీకదేశమున ఊర్మియా పట్టణములో క్రైస్తవ మిషనరీ దంపతులకు పుట్టెను, న్యూయార్కులో శస్త్రవైద్యాచార్యుడయ్యెను, వార్ధక్యమున మధ్యప్రాచ్యదేశముల వైద్యచరిత్రమును గూర్చి గ్రంథము వ్రాసెను. అందుచే నా బోంట్లకు ఆయనయం దొక ప్రత్యేకాభిమానము. 1935 లో ఆయన సహచరులతో కలిసి మూడు శస్త్రచికిత్సల వృత్తాంతమును ప్రకటించెను. మొదటి రోగి కొలది కాలములోనే మరణించెను. కారణము వినుడు. ఆ కుట్లకు వాడిన దారము జంతువుల ప్రేగులతో చేసిన దారము. క్లోమరసమునకు ప్రేగుదారము ఆహారమే గదా! రసము దారమును అరగించుకొన్నది, కుట్లు విడినవి. తరువాతి రోగులకు ఆయన పట్టుదారము వాడెను. రసము పట్టును అంత సులువుగా అరగించుకొనలేకపోయెను. ఒక మహాశస్త్రచికిత్స నిలుచుటయు, కూలుటయు దారపుపోగుపై ఆధారపడిన దనిన ఆశ్చర్యముగా నుండును.

రెండు విడతల చికిత్స యేల కావలసివచ్చెను? పిత్తరసము ప్రేగులోనికి రానిదే ఆహారములోని విటమిను కె యొంటికి పట్టదు. అది లేనిదే రక్తము గడ్డకట్టదు. 1940 నాటికి ఆ విటమిను చికిత్సకు లభించుచుండెను. దానిని కనుగొన్న డామ్, డాయిసీలకు 1943 సంవత్సరపు నోబెలు బహుమాన మీయబడినది. 1940 మార్చి నెలలో విప్పుల్ పరదేశి వైద్యులు చూచుచుండగా ఒక రోగి కడుపు తెఱచెను. జీర్ణాశయములో క్యాన్సరు ఉండునని యనుకొని తెఱచినది; చూచునప్పటికి కణితి క్లోమపు తలలో నున్నది. రోగికి కామెర్లు లేవు. చూపరులు ఉన్నారు, కడుపు తెఱచియున్నది. ఆయన ఒక్క విడతలోనే ముగించెను. ఆ రోగి చాలకాలము బ్రదికెను. అప్పటినుండి ఆ శస్త్రచికిత్సకు ఒక్క విడతయే వాడుకయైనది. దానికి విప్పుల్ పేరే నిలిచిపోయెను. ఆయన తన జీవితకాలమున చేసినవి 37 మాత్రమే.

పేరు నిలిచినదే గాని, ప్రాణములు నిలుచుట దుర్లభముగనే యుండెను. తరువాత ముప్పది సంవత్సరములు గడచినను, ఈ శస్త్రచికిత్స చేయించుకొన్న నలుగురైదుగురిలో ఒకరు ఆసుపత్రి దాటకుండనే మరణించుచుండిరి. 1970 లో క్రైల్ అను అమెరికను శస్త్రవైద్యుడు, క్యాన్సరుకు ఈ మహాశస్త్రచికిత్సను మానివేసి, పిత్తమునకు వేఱుదారి కల్పించి విడిచిపెట్టుటయే మేలని వాదించెను. ఈ వాదమును పిఱికిమాటయని కొందఱు త్రోసిపుచ్చిరి. నాకట్లు తోచదు. తీసివేయుటచేత ఎక్కువకాలము బ్రదుకని రోగిని కత్తికి అప్పగించుట యెందులకని ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్నయే.

ఆ ప్రశ్నకు బదులు క్రొత్త పనిముట్టువలన రాలేదు. క్రొత్త మందువలనను రాలేదు. బాల్టిమోరు నగరమునందలి జాన్సు హాప్కిన్సు ఆసుపత్రిలో కామెరాన్ అను ఆచార్యుడు ఇదే శస్త్రచికిత్సను మఱల మఱల చేసెను. ఆయన చుట్టును ఒకే జట్టు ఉండెను: మత్తు ఇచ్చువారు, రేడియోగ్రఫీవారు, రాత్రి మేలుకొని చూచుకొను నర్సులు. 1993 లో వారు వరుసగా 145 మంది రోగులకు ఈ శస్త్రచికిత్స చేసి ఒక్కరిని గూడ పోగొట్టుకొనలేదని ప్రకటించిరి. 2006 నాటికి వేయింటి లెక్క ప్రకటింపబడినది. 2002 లో అమెరికాలోని ఆసుపత్రుల లెక్కలను విప్పి చూచినపుడు, ఈ పనిని ఏటికి ఒకటియో అరయో చేయు ఆసుపత్రులలో నూటికి 16 మందియు, ఎక్కువగా చేయు ఆసుపత్రులలో నూటికి 4 గురికి లోపుగాను మరణించుచున్నట్లు తేలినది. కత్తి యొక్కటే, కోత యొక్కటే, గ్రంథి యొక్కటే. అలవాటులోనే భేదము. ఈ సంగతి జ్ఞాపకమందుంచుకొనుడు. కన్నపుదారి కథలో మఱల వచ్చును.

ఇక ఆ రెండవదారి. 1901 లో హాంబుర్గ్ నగరమున జరిగిన యొక సభలో కెల్లింగ్ అను డ్రెస్డెన్ వైద్యుడు, బ్రదికియున్న కుక్క కడుపులోనికి గాలి ఎక్కించి, మూత్రాశయమును పరీక్షించు గొట్టమును దూర్చి, లోపలి యవయవములను చూపెను. కడుపులో రక్తస్రావము కలిగినపుడు గాలి నింపి ఆ యొత్తిడిచేత దానిని ఆపవచ్చునా యని ఆయన మొదట ఆలోచించెను. పాపము, ఈయన 1945 లో డ్రెస్డెన్‌పై జరిగిన విమానదాడిలో మరణించెను. 1910 లో స్వీడనువాడైన యాకోబేయస్ మనుష్యులలో ఈ పద్ధతిని నడిపెను. మఱుసటియేట అమెరికాలో బెర్న్‌హైమ్ అను యువకుడు, ప్రసిద్ధ శస్త్రవైద్యుడైన హాల్‌స్టెడ్ చూచుచున్న యొక కామెర్లరోగి కడుపులోనికి గొట్టము దూర్చి చూచెను. క్లోమములో కణితి కలదను అనుమానముచేతనే ఆ చూచుట. అమెరికాలో కడుపులోనికి కన్నము వేసి చూచుట క్లోమమును వెదకుటతోనే మొదలైనదన్నమాట!

చూచుట వేఱు, చేయుట వేఱు. కెల్లింగ్ కుక్కనుండి పదిలమైన శస్త్రచికిత్స వచ్చుటకు దాదాపు ఎనుబది సంవత్సరములు పట్టెను. హాప్కిన్సు అను ఇంగ్లండు భౌతికశాస్త్రజ్ఞుడు గాజుకడ్డీల కటకములను కల్పించిన పిమ్మట లోపలి బొమ్మ తేటపడినది. జర్మనీలోని కీల్ నగరమున సెమ్ అను స్త్రీవైద్యనిపుణుడు, గాలిని తగుపాళముగా ఎక్కించు యంత్రమును చేసి, 1980 లో ఒక ఉండుకమును ఈ దారినే తీసివేసెను. ఆయన ప్రసంగించుచుండగా బొమ్మలు చూపు దీపమును ఆర్పివేసిరని చెప్పుదురు. 1985 లో మ్యూహె అను మఱియొక జర్మను వైద్యుడు పిత్తాశయమును కన్నపుదారిని తీసెను. ఆయనకును మొదట చీవాట్లే దక్కినవి. 1992 లో అదే దేశపు శస్త్రవైద్యసంఘము ఆయనను గౌరవించినది. గొప్ప శస్త్రవైద్యునికి గొప్పకోత యను నమ్మకము ఆ కాలమున అంత బలముగా నుండెను. 1987 లో ఫ్రాన్సులో మూరే అను వైద్యుడు కెమెరాను, తెరను వాడిన తరువాత, పిత్తాశయపు కన్నము ప్రపంచమంతట ప్రాకిపోయెను. దానికి కారణము కలదు. పిత్తాశయము తీసినచో మఱల కుట్టవలసినది స్వల్పము. రోగి రెండు మూడు దినములలో నడచి ఇంటికి పోవును.

క్లోమమునకు ఆ సులువు లేదు. ఇచ్చట తలకును తోకకును గల భేదమును కొంచెము విప్పి చెప్పుదును. తోకలోని కణితిని తీయుటలో గ్రంథిని అడ్డముగా కోసి, మిగిలిన మొదలును మూసివేసినచో చాలును. దేనిని దేనితోను అతుకనక్కఱలేదు. తలలోని కణితిని తీసినపుడో, క్లోమపు తలయు, చిన్నప్రేగు మొదటిభాగమును, పిత్తాశయమును, సాధారణముగా జీర్ణాశయపు కొసయు ఒక్కటిగా వెలికివచ్చును. తరువాత క్లోమపు మొదలును ప్రేగునకు, పిత్తనాళమును ప్రేగునకు, జీర్ణాశయమును ప్రేగునకు మూడు అతుకులు వేయవలెను. క్లోమము వెన్నవలె మెత్తనిది. దాని నాళము కొందఱిలో అగ్గిపుల్లకంటె సన్ననిది. అట్టి దానిని జానల పొడవుగల కడ్డీలతో, తెరమీద చూచుచు, వ్రేలితో తాకి తెలిసికొను భాగ్యము లేక కుట్టుట యెంతటి పనియో ఊహింపుడు. కోయుటకు పదును కావలెను. కుట్టుటకు ఓపికయు హస్తవాసియు కావలెను.

కనుకనే రెండు చరిత్రలు రెండు విధముల నడచినవి. 1994 లో గాగ్నే, పోంప్ అను కెనడా వైద్యు లిద్దఱు తలశస్త్రచికిత్సను మొట్టమొదట పూర్తిగా కన్నపుదారిని చేసినట్లు ప్రకటించిరి. 1997 లో వారే తమ పదిమంది రోగుల వృత్తాంతము వ్రాసిరి. నలుగురిలో మధ్యలోనే కడుపు తెఱవవలసివచ్చెను. ఒక్కొక్కటి సగటున ఎనిమిదిన్నర గంటలు పట్టెను. ఆ వ్యాసమునకు వారు పెట్టిన శీర్షికలోనే "ఇది చేయదగినదేనా?" యను భావముగల ప్రశ్న యున్నది. క్రొత్తదారి త్రొక్కినవారే దానిని సందేహించుచు ప్రకటించుట వైద్యలోకమున తఱచుగా కనబడదు. దానికి వారిని మెచ్చుకొనవలెను.

తోక కథ సుఖముగా సాగెను. 2019 లో హాలండు వైద్యులు 108 మంది రోగులతో చేసిన యొక పరీక్షను ప్రకటించిరి. ఎవరికి పెద్దకోత, ఎవరికి చిన్నకన్నములు అనునది చీటి వేసి నిర్ణయించిరి. రోగి మనస్సునకు ఏ చికిత్స జరిగినదో తెలియకుండుటకై, అందఱి కడుపులమీదను ఒకే పెద్దకట్టు కట్టిరి! చిన్నకోత యనగనే ముఖమున వెలుగు వచ్చునని నేను చెప్పితిని గదా. ఆ వెలుగు లెక్కలలోనికి జొరబడకుండ చేసిన యుపాయ మిది. కన్నములవారు 4 దినములలోను, కోతవారు 6 దినములలోను తమ పనులు తాము చేసికొను స్థితికి వచ్చిరి. అయితే క్యాన్సరు మాట యేమి? చిన్నదారిని తీసినచో అంచులలో రోగము మిగిలిపోవునేమో యను భయము అందఱకును ఉండెను. 2023 లో పండ్రెండు దేశములవారు కలిసి 258 మంది క్యాన్సరు రోగులలో చేసిన పరీక్షలో, కణితి అంచులు శుద్ధముగా వచ్చినవి కన్నపుదారిని నూటికి 73, పెద్దకోతతో నూటికి 69. కన్నము తీసిపోలేదని తేలినది. విచిత్రమేమన, ఈ పరీక్షలో కోలుకొనుట రెండు వర్గములలోను ఐదు దినములే. మొదటి పరీక్షలో కనబడిన లాభము ఇందులో కనబడలేదు. పెద్దకోతవారును ఈలోపల రోగిని త్వరగా లేపి నడిపించుట నేర్చుకొనిరేమో యని నా యూహ.

తల కథ అట్లు సాగలేదు. మన దక్షిణదేశమున కోయంబత్తూరులో పళనివేలు గారును, వారి జట్టువారును చాలకాలముగా ఈ తలశస్త్రచికిత్సను కన్నపుదారిని చేయుచు వచ్చిరి. 2017 లో వారు 64 మంది రోగులను చీటివేసి రెండు వర్గములుగా చేసిన పరీక్షను ప్రకటించిరి. కన్నములవారు ఆసుపత్రిలో నున్నది 7 దినములు; కోతవారు 13 దినములు. కన్నపుదారికి కాలము కొంత హెచ్చు పట్టినను రక్తము తక్కువగా పోయినది. స్పెయినులోని బార్సిలోనానుండియు 2018 లో ఇట్టి శుభవార్తయే వచ్చెను. లోకమునకు ఉత్సాహము కలిగెను.

అప్పుడు హాలండువారు మఱల పరీక్షకు దిగిరి. నాలుగు ఆసుపత్రులు, శిక్షణ పొంది ఇరువదికి తక్కువ కాకుండ ఈ శస్త్రచికిత్సలు చేసియున్న వైద్యులు, తోక పరీక్షలో ఫలము చూపిన దేశము. 99 మంది రోగులు పూర్తియగునప్పటికి, లెక్కలను కనిపెట్టి చూచు సంఘమువారు పరీక్షను నిలుపుడని సలహా యిచ్చిరి. చికిత్సవలని చిక్కులచేత తొంబది దినములలో మరణించినవారు కన్నపుదారిని 50 మందిలో ఐదుగురు. పెద్దకోతతో 49 మందిలో ఒక్కరు. కోలుకొనుటకును కన్నములవారికి 10 దినములు, కోతవారికి 8 దినములు పట్టెను. అంకెలు చిన్నవి, ఇందులో యాదృచ్ఛికము కొంత కలదని గణితజ్ఞులు చెప్పుదురు, అదియు నిజమే. కాని ఆ ఐదు అంకెకాదు, ఐదు కుటుంబములు. పరీక్షను నడుపువారు తమ పద్ధతి గెలువవలెనని కోరుకొనుట సహజము. అట్టివారు నిలిపివేసి, నిలిపివేసితిమని 2019 లో అచ్చువేసిరి. వైద్యచరిత్రలో మొట్టమొదట చేసినవాని పేరు అందఱు వ్రాసికొందురు. సకాలమున మానినవారి పేర్లను గూడ వ్రాసికొనవలెనని నా కోరిక.

ఏల యిట్లు జరిగినది? వారు చేసినది ఇరువది, చాలలేదా? చీనాదేశమువారు 2021 లో ప్రకటించిన పరీక్ష ఈ ప్రశ్నకు కొంత బదులు చెప్పుచున్నది. అక్కడ 14 ఆసుపత్రులలో 656 మంది రోగులు. ఒక్కొక్క వైద్యుడు ముందుగా నూటికి మించి, 104 కు తక్కువ కాకుండ ఇట్టి శస్త్రచికిత్సలు చేసియుండవలెనని నియమము. మరణములు రెండు వర్గములలోను సమానముగనే, నూటికి ఇద్దఱుగా నుండెను. కన్నపుదారి అపాయమన్న మాట పోయినది. కాని లాభమెంత? ఆసుపత్రిలో నున్నది ఒకరు 15 దినములు, ఒకరు 16 దినములు. నూఱు శస్త్రచికిత్సల తపస్సునకు ఒక్క దినము ఫలము! నేర్చుకొను కాలమున ఆ నూర్గురు రోగులకు ఏమి జరిగినదో యను ప్రశ్న నన్ను విడువదు. ఎవరో ఒకరు మొదటి రోగి కాక తప్పదు. బాల్టిమోరులోను తప్పలేదు, న్యూయార్కులోను తప్పలేదు. అయితే విప్పుల్ మొదటి రోగికి వేఱొక మార్గము లేదు. నేటి రోగికి ప్రక్కవాకిటనే నమ్మదగిన పెద్దకోత కలదు. ఈ భేదము గణనీయమైనదని నా యభిప్రాయము.

కన్నము నిచ్చు సుఖములను నేను తక్కువ చేయుటలేదు. నొప్పి తక్కువ; గాయము చీము పట్టుట తక్కువ; ముందుముందు కోతచోట ప్రేగు పొడుచుకొనివచ్చుట తక్కువ. రోగి త్వరగా లేచినచో మందులచికిత్స త్వరగా మొదలుపెట్టవచ్చునను ఆశయు కలదు. ఈ క్యాన్సరులో ఆ మందుల మాట చిన్నది కాదు. 2018 లో ఫ్రాన్సు, కెనడా దేశములవారు ప్రకటించిన పరీక్షలో, శస్త్రచికిత్సానంతరము నాలుగు మందుల కలయిక పుచ్చుకొన్నవారిలో సగముమంది 54 నెలలకు పైగా బ్రదికిరి. పూర్వపు మందు పుచ్చుకొన్నవారిలో సగముమంది 35 నెలలు. కోత పొడవును గూర్చిన యే పరీక్షయు ఇంతటి భేదమును చూపలేదు. పైగా, రోగము కనుగొనునప్పటికి శస్త్రచికిత్సకు తగిన స్థితిలో నుండువారే ఐదుగురిలో ఒకరు. కోతను గూర్చిన తర్కమంతయు ఆ యొక్కరిని గూర్చినదే.

ఒకమారు నాకు తెలిసిన యొకాయన తన యన్నగారి చికిత్స విషయమై ఒక పట్టణమునందలి ఆసుపత్రికి పోయి, "అయ్యా, చిన్నకోతతో చేయుదురా?" అని యడిగెనట. చేయుదుమనిరి. "ఇంతవఱకు ఎన్ని చేసితిరి?" అని యడుగుట ఆయనకు తోచలేదు, వారును చెప్పలేదు. అడిగినచో కోపగించుకొందురేమో యని మనవారికి సంకోచము. కుండ కొనునపుడు నాలుగుమార్లు తట్టి చూచు మనము ఇచ్చట నోరు మెదపము.

ఈ మధ్య యంత్రహస్తములు బయలుదేఱినవి. శస్త్రవైద్యుడు కొంచెము దూరమున కూర్చుండి త్రిప్పినట్లెల్ల, రోగి కడుపులో చిన్నచిన్న పనిముట్లు మణికట్టువలె తిరుగును. బొమ్మయు లోతుతో కనబడును. ఇటలీలో జూలియనోట్టి ఈ పద్ధతిని క్లోమమునకు వాడి 2003 లో ప్రకటించెను. కుట్టుట సులువగుటచేత, హాలండువారు తలశస్త్రచికిత్సలో కడ్డీలను విడిచి యంత్రహస్తములవైపు మరలి, శిక్షణ క్రమముగా నేర్పుకొనిరి. 2024 లో జర్మనీలోని హైడెల్‌బెర్గ్ వారు యంత్రమును పెద్దకోతతో పోల్చి, చిక్కుల మొత్తములో భేదము కనబడలేదని చెప్పిరి. అదే యేట చీనావారు యంత్రముచేత ఆసుపత్రివాసము కొంత తగ్గినదనిరి. యంత్రమునకగు వ్యయము ఎవరు భరింతురను మాట ఆ పత్రములలో క్లుప్తముగా నుండును. మన దేశమున అదియే మొదటి మాట.

ప్రస్తుతము ఆచారమున తోకకు కన్నము సాధారణమైనది. తలకు, ప్రపంచమున అధికభాగమునందు, విప్పుల్ నాటి పెద్దకోతయే సాగుచున్నది. ఆ పెద్దకోత చేయు చోట్లను గూడ చాలమంది శస్త్రవైద్యులు, కత్తి పెట్టుటకు ముందు, బొడ్డువద్ద ఒక్క చిన్నరంధ్రము చేసి కెమెరాను దూర్చి లోపల చూచుదురు. కాలేయముమీద గాని, కడుపులోని పొరమీద గాని బియ్యపుగింజలంతటి తెల్లని పొక్కులు కనబడినచో, రోగము వ్యాపించినదని గ్రహించి, పెద్దకోత పెట్టకుండ ఆ రంధ్రమును కుట్టి, రోగిని మందులచికిత్సకు పంపుదురు. 1911 లో బెర్న్‌హైమ్ చేసినది ఇదియే. దానికి పట్టునది కొన్ని నిమిషములు మాత్రము.